మంగళగిరి చీరల సైటు: అంచు గీతలు ఫోటోలో మాయమవుతున్నాయి, పేజీ తెరుచుకోవడం లేదు

గుంటమగ్గం (మంగళగిరి) | సోమవారం రాత్రి 9.10

అందరికీ నమస్కారం. మాది మంగళగిరి. నాన్న, బాబాయి ఇప్పటికీ గుంటమగ్గం మీదే నేస్తారు. నేను గుంటూరులో ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు మా చీరల సైటు చూసుకుంటున్నాను. వారం నుంచి రెండు సమస్యలతో టెన్షన్ పడుతున్నాను.

ఒకటి, మొదటి పేజీ తెరుచుకోదు. ఆఫీసు వైఫైలో ఎలాగో వస్తుంది. బస్సులో కూర్చుని తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది. రెండోది ఇంకా బాధ. ముదురు ఎరుపు అంచు మీద ఒంటిపోగు ఆకుపచ్చ గీతలు, పక్కన జరీ ఉన్న చీర ఒకటి రాజమండ్రికి పంపాం. ‘ఫోటోలో నారింజ రంగులా ఉంది, వచ్చింది ముదురు ఎరుపు. అంచులో పచ్చ గీతలున్నాయని ఫోటో చూస్తే తెలియనే లేదు’ అని ఆవిడ వెనక్కి పంపేశారు. ఆవిడ తప్పేం లేదు. ఆ అంచు నాన్న నేసింది. గీతలు కనపడలేదనేసరికి మనసు చివుక్కుమంది.

మేం చేసేది ఇదీ. ఇంట్లో ట్యూబులైటు కింద చీర పరిచి ఫోన్‌తో తీస్తాను. వాట్సాప్‌లో తమ్ముడికి పంపుతాను. వాడు ‘పీఎన్‌జీ అయితే క్వాలిటీ బాగుంటుంది’ అని పీఎన్‌జీలోకి మార్చి సైటులో పెడతాడు. ఒక్కోటి 3 ఎంబీ దాకా వస్తోంది. మొదటి పేజీలో 24 చీరలున్నాయి. ఎక్కడ పొరపాటు జరుగుతోందో చెప్పండి.

బ్రాడీపేట కోడర్ (గుంటూరు) | సోమవారం రాత్రి 9.42

24 ఫోటోలు, ఒక్కోటి 3 ఎంబీ. అంటే మీ చీరలు చూద్దామని వచ్చినావిడ చేత ముందే 72 ఎంబీ డేటా ఖర్చు పెట్టిస్తున్నారన్నమాట. పేజీ తెరుచుకోకపోవడానికి ఇదొక్కటి చాలు.

వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది కొలత తగ్గించి, జేపెగ్‌గా కుదించి పంపుతుంది. సన్నటి గీతలు అక్కడే కొంత పోతాయి. తర్వాత దాన్ని పీఎన్‌జీ చేస్తే పోయింది తిరిగిరాదు. నీళ్లు కలిసిన పాలను వెండి గిన్నెలో పోసినా చిక్కబడవు కదా. పీఎన్‌జీ ఇచ్చిన చుక్కల్ని ఉన్నవి ఉన్నట్టు దాస్తుంది. కుదింపులో పడిన మరకల్ని కూడా అంతే శ్రద్ధగా దాస్తుంది. అందుకే సైజు పెరిగింది, ఫోటో మాత్రం మెరుగవలేదు.

ముందు చేయాల్సింది: తమ్ముడికి ఫోటోని ‘డాక్యుమెంట్’గా పంపండి. అప్పుడు అసలు ఫైలు చెక్కుచెదరకుండా వెళ్తుంది. గూగుల్ డ్రైవ్‌లో పెట్టినా సరే, కేబుల్‌తో తీసుకున్నా సరే. ఆ అసలు ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్లో ఉంచి వాటిని ఎప్పటికీ ముట్టుకోకండి. మార్పులన్నీ కాపీ మీదే. జేపెగ్‌ని తెరిచి, మార్చి, మళ్లీ జేపెగ్‌గా సేవ్ చేసిన ప్రతిసారీ కొంచెం అరుగుతుంది.

బీసెంట్ రోడ్ డీటీపీ (విజయవాడ) | సోమవారం రాత్రి 10.05

నేను ఇరవై ఏళ్లుగా పుస్తకాలు, శుభలేఖలు, ఫ్లెక్సీలు చేస్తున్నవాణ్ణి. మా ప్రింటింగ్‌లో 300 డీపీఐ లేకపోతే ఫైలు ముట్టుకోం. వెబ్‌కి 72 డీపీఐ పెట్టాలని ఎప్పటి నుంచో వింటున్నాను. అది నిజమేనా?

ఇంకో సంగతి. కిందటేడాది ఒక కస్టమర్ సైటుకి బ్రోషర్‌లోని ఫోటోనే సీఎంవైకే జేపెగ్‌గా ఇచ్చాను. నా మానిటర్‌లో బంగారంలా ఉంది, వాళ్ల ఫోన్‌లో రంగులన్నీ మారిపోయి వచ్చింది. కస్టమర్ ముందు తల ఎత్తుకోలేకపోయాను. ఆ తప్పు ఎవరూ చేయొద్దని చెబుతున్నా.

బ్రాడీపేట కోడర్ | సోమవారం రాత్రి 10.31

డీటీపీ అన్నగారూ, 72 అనేది బ్రౌజర్‌కి పట్టదు. డీపీఐ అంటే ‘కాగితం మీద అంగుళానికి ఎన్ని చుక్కలు వేయాలి’ అని ఫైలులో రాసి ఉన్న ఒక మాట మాత్రమే. 1200 పిక్సెళ్ల వెడల్పున్న ఫోటోలో 72 అని రాసినా 300 అని రాసినా తెర మీద అదే ఫోటో, అదే బరువు. చూడాల్సింది పిక్సెళ్ల లెక్క ఒక్కటే. సీఎంవైకే మాత్రం మీరన్నట్టే. అది ప్రెస్సులోని సిరాల లెక్క. తెరకి ఎరుపు, పచ్చ, నీలం వెలుగుల లెక్క ఆర్‌జీబీయే, అందులోనూ వెబ్‌లో మామూలుగా వాడే రంగుల పరిధి ఎస్‌ఆర్‌జీబీ.

పిక్సెళ్ల లెక్క కొంచెం వివరంగా చెప్తాను, సగం గోల ఇక్కడే తీరిపోతుంది. ఫోన్‌లో తీసిన ఫోటో మామూలుగా 4000×3000, అంటే 1.2 కోట్ల పిక్సెళ్లు. ఫైలు 4 ఎంబీయే ఉండొచ్చు. కానీ బ్రౌజర్ దాన్ని విప్పి తెర మీద పెట్టేటప్పుడు ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున దాదాపు 48 ఎంబీ మెమరీ పడుతుంది. చవక ఫోన్లలో పేజీ జరుపుతుంటే ఇరుక్కుపోవడానికి ఇదొక కారణం. అదే ఫోటోను 1200×900కి తగ్గిస్తే 10.8 లక్షల పిక్సెళ్లు. పదకొండో వంతు.

మరి ఎంత వెడల్పు కావాలి? చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు బ్రౌజర్‌కి తమ వెడల్పు 360 నుంచి 412 దాకా అని చెబుతాయి. లోపల మాత్రం దానికి రెండు మూడు రెట్లు చుక్కలుంటాయి. 360కి మూడు రెట్లు 1080. కాబట్టి తెర నిండా కనపడే ఫోటోకి 1200 వెడల్పు చాలు. మీ మొదటి పేజీలో వరుసకి రెండు చీరలు కాబట్టి ఒక్కోదానికి 600 సరిపోతుంది. వేలితో పెద్దది చేసి నేత చూసే ఫోటోకి మాత్రం 2000 దాకా ఉంచండి. అది నొక్కినవాళ్లకే వెళ్లాలి.

కెమెరా కన్ను (విజయవాడ, గవర్నర్‌పేట) | మంగళవారం ఉదయం 6.50

ఫైలు సంగతి మీరు చూసుకోండి. రంగు సంగతి నేను చెప్తాను, ఎందుకంటే రంగు తప్పింది ట్యూబులైటు దగ్గరే. ఇంట్లో ట్యూబులైటు, కిటికీ వెలుగు, పక్క గదిలో పసుపు బల్బు అన్నీ కలిస్తే ఫోన్‌కి తెలుపు ఏదో తెలియదు. తెలుపు తప్పితే మిగతావన్నీ తప్పుతాయి. ఎరుపుకి దెబ్బ ఎక్కువ.

ఉదయం ఎండ నేరుగా పడని చోట, మేడ మీద నీడలోనో వరండాలోనో తీయండి. జరీ ఉన్న చీరకి నేరుగా ఎండ పడితే జరీ తెల్లగా పేలిపోతుంది, పక్కనున్న రంగు చీకటైపోతుంది. చీర పక్కనే ఒక గ్రే కార్డు (రంగు సరిచూసుకోవడానికి వాడే బూడిదరంగు అట్ట) పెట్టి మొదటి ఫోటో తీయండి. గ్రే కార్డు లేకపోతే మెరుపు లేని మామూలు తెల్లకాగితం పెట్టండి. తర్వాత కంప్యూటర్లో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనపడేలా రంగులు సర్దే సెట్టింగు) దాని మీద నొక్కి సరిచేసి, అదే సెట్టింగు ఆ పూట తీసిన ఫోటోలన్నింటికీ పెట్టండి. ఫోన్‌లో ‘వివిడ్’, బ్యూటీ, ఏఐ అని ఏముంటే అవన్నీ ఆపేయండి. అవి రంగును అందంగా చూపిస్తాయి, నిజంగా చూపించవు. చీర అమ్మేవాళ్లకి కావాల్సింది రెండోది.

ఐఫోన్‌తో తీస్తే ఫైలు మామూలుగా హెచ్‌ఈఐసీ అనే ఫార్మాట్‌లో వస్తుంది, రంగు పీ3 అనే, ఎస్‌ఆర్‌జీబీ కన్నా పెద్ద పరిధిలో ఉంటుంది. రంగు ప్రొఫైలు (ఏ పరిధిలోని రంగులో చెప్పే చీటీ) ఊడిపోయి పీ3 విలువల్నే ఎస్‌ఆర్‌జీబీ అనుకుని చూపిస్తే మీ ఎరుపు చప్పబడిపోతుంది. అందుకని ‘ఎస్‌ఆర్‌జీబీకి మార్చు’ అనే కన్వర్ట్ ఆప్షన్ నొక్కాలి. ప్రొఫైల్ ‘అసైన్’ చేస్తే చీటీ ఒక్కటే మారుతుంది, ‘కన్వర్ట్’ చేస్తే రంగు అలాగే కనపడేలా విలువలు కూడా మారతాయి. ఇక్కడ చాలామంది పొరబడతారు.

కొండపల్లి బొమ్మ (విజయవాడ) | మంగళవారం ఉదయం 8.15

మాకు బొమ్మల సైటు ఉంది. మేం ఫోటోలన్నీ వెబ్‌పీ అనే ఫార్మాట్‌లోకి మార్చాం, సైజు బాగా తగ్గింది. అందరూ వెబ్‌పీ చేసేస్తే అయిపోతుందిగా?

గుంటమగ్గం | మంగళవారం రాత్రి 9.30

ఈ రోజు పొద్దున్నే లేచి కెమెరా కన్ను గారు చెప్పినట్టు మేడ మీద నీడలో మళ్లీ తీశాను. తెల్లకాగితం పెట్టాను. రంగు సరిగ్గా వచ్చింది, నాన్నకి చూపిస్తే తలూపారు. ఫైలు డాక్యుమెంట్‌గా పంపాను. 600 వెడల్పుకి తగ్గించి, స్క్వూష్‌లో (బ్రౌజర్‌లోనే ఫోటోలు కుదించే ఉచిత సైటు) వెబ్‌పీ 75 క్వాలిటీ పెట్టాను. 40 కేబీ దాటలేదు. చాలా సంతోషం వేసింది.

కానీ అంచు చూడండి. ఎరుపు మీద పచ్చ గీతలు మళ్లీ లేవు! జరీ కనిపిస్తోంది, పచ్చపోగు ఉన్నచోట ఎరుపు కాస్త మురికిగా అయింది, అంతే. క్వాలిటీ 95కి పెంచినా గీత పదును రాలేదు. అసలు ఫోటోలో మాత్రం గీత స్పష్టంగా ఉంది.

బ్రాడీపేట కోడర్ | మంగళవారం రాత్రి 10.20

మగ్గం గారూ, మీరు చాలా మంచి ఉదాహరణ పట్టుకొచ్చారు. కొండపల్లి వారి ప్రశ్నకీ ఇదే జవాబు.

మన కన్ను వెలుగులో తేడాను పట్టినంత సూటిగా రంగులో తేడాను పట్టదు. అందుకని జేపెగ్, వెబ్‌పీ లాంటివి ఫోటోను వెలుగు ఒక పొరగా, రంగు రెండు పొరలుగా విడదీస్తాయి. వెలుగు పొరను పూర్తిగా ఉంచి, మామూలుగా రంగు పొరల్ని అడ్డంగా, నిలువుగా సగానికి తగ్గిస్తాయి. అంటే నాలుగు పిక్సెళ్లకి కలిపి ఒకే రంగు. దీన్నే 4:2:0 అంటారు. ముఖాలకి, చెట్లకి, బ్యారేజీ మీద సూర్యాస్తమయానికి దీనివల్ల తేడా తెలియదు.

ఇప్పుడు మీ అంచు తీసుకోండి. ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ. రెండింటి వెలుగు దాదాపు ఒకటే, తేడా అంతా రంగులోనే. పచ్చపోగు మందం ఒకటి రెండు పిక్సెళ్లు. రంగును నాలుగు పిక్సెళ్లకి ఒకటి చేసేసరికి పచ్చ, ఎరుపు కలిసి ఆ మురికి రంగు వచ్చింది. జరీ ఎందుకు బతికింది? అది వెలుగులోనే వేరుగా ఉంది కాబట్టి.

మీరే పరీక్షించొచ్చు. అసలు ఫోటోను బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. గీత మాయమైపోతే ఆ ఫోటోకి రంగు పొర తగ్గించకూడదని అర్థం.

మామూలు వెబ్‌పీలో 4:2:0 తప్ప ఇంకో దారి లేదు, క్వాలిటీ ఎంత పెంచినా. ‘షార్ప్ వైయూవీ’ అని ఒక ఆప్షన్ ఉంది, కొంత సాయం చేస్తుంది. జేపెగ్‌లో అయితే 4:4:4, అంటే రంగు పొరల్ని తగ్గించకుండా, పెట్టుకోవచ్చు. గింప్ అనే ఉచిత ఫోటో సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు సబ్‌శాంప్లింగ్ అనేచోట ఉంటుంది. స్క్వూష్‌లో మోజ్‌జేపెగ్ (జేపెగ్ తయారుచేసే ఆప్షన్) ఎంచుకుని అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో చూడండి. ఏవీఫ్ అనే కొత్త ఫార్మాట్‌లో కూడా 4:4:4 కుదురుతుంది, సైజూ తక్కువ వస్తుంది. కాకపోతే పాత ఐఫోన్లలో ఏవీఫ్ రాదు, సఫారీకి 2022లో వచ్చిన 16వ వెర్షన్ నుంచే ఉంది. కాబట్టి ఏవీఫ్ పెట్టినా వెనకాల జేపెగ్ ఉంచండి. పేజీ కోడ్‌లోని పిక్చర్ ట్యాగులో రెండూ రాస్తే బ్రౌజర్ తనకి చేతనైంది తీసుకుంటుంది.

కొండపల్లి గారూ, మీ బొమ్మలకి వెబ్‌పీ చక్కగా సరిపోయి ఉంటుంది, అవి నున్నటి రంగులు కదా. ఒకసారి బొమ్మల కళ్లు, సన్నటి గీతలు పెద్దవి చేసి చూసుకోండి.

గుంటమగ్గం | బుధవారం ఉదయం 6.15

బ్లాక్ అండ్ వైట్ చేసి చూశాను. పచ్చ గీత నిజంగానే లేదు! అంచంతా ఒకే బూడిద రంగు. రాత్రి నాన్నకి కూడా చూపించాను. ఆయన చాలాసేపు చూసి, ‘మగ్గం దగ్గర దీపం తగ్గితే ఈ రెండు పోగులు కళ్లకి ఒక్కటే అవుతాయిరా, అందుకే దీన్ని పగలే నేస్తాం’ అన్నారు. ఇన్నేళ్లలో ఈ మాట ఆయన నాతో ఎప్పుడూ అనలేదు.

4:4:4 జేపెగ్, క్వాలిటీ 80 పెట్టాను. 600 వెడల్పుకి 85 కేబీ వచ్చింది. వెబ్‌పీకి రెట్టింపు. గీతలు మాత్రం తిరిగొచ్చాయి.

బ్రాడీపేట కోడర్ | బుధవారం ఉదయం 7.02

ఆ 45 కేబీ ఖర్చు పెట్టండి, వెనకాడొద్దు. అలాంటి అంచులున్న చీరలకే పెట్టండి. మిగతావి వెబ్‌పీలోనే ఉంచండి.

మిర్చి యార్డు (గుంటూరు) | బుధవారం ఉదయం 7.40

మేం తేజ, సన్నం రకాల ఫోటోలు పెడతాం. మిరపకాయల రాశి ఫోటో ఎంత కుదించినా 300 కేబీ కిందకి రావట్లేదు. పక్కనే మా గోడౌన్ గోడ ఫోటో 30 కేబీ. ఎందుకలా?

ఇంకోటి, ధరల పట్టిక రోజూ డీటీపీలో చేయించి ఇమేజ్‌గా పెడుతున్నాం. ఫోన్‌లో అక్షరాలు చీమల్లా ఉన్నాయని రైతులు అంటున్నారు.

కెమెరా కన్ను | బుధవారం ఉదయం 8.10

రాశిలో ప్రతి కాయకీ అంచు, తొడిమ, మెరుపు, నీడ ఉన్నాయి. జేపెగ్ ఫోటోని 8×8 పిక్సెళ్ల గళ్లుగా కోసి, ఒక్కో గడిలో ఎంత వివరం ఉందో లెక్కేసుకుంటుంది. గోడలో ఏ గడి చూసినా ఒకేలా ఉంటుంది కాబట్టి తక్కువలో తేలిపోతుంది. మిరపరాశిలో ప్రతి గడీ నిండుగా ఉంటుంది. రాశి మొత్తం ఒక చిన్న ఫోటో పెట్టి, నాణ్యత చూపించడానికి అరచేతిలో పది కాయలు పట్టుకుని దగ్గరగా ఇంకోటి తీయండి. వెనకాల సాదా బట్ట ఉంటే సైజు దానంతటదే తగ్గుతుంది, కాయ కూడా బాగా కనిపిస్తుంది.

బీసెంట్ రోడ్ డీటీపీ | బుధవారం ఉదయం 9.25

ధరల పట్టిక గురించి నేను చెప్పాలి, ఆ పని చేసేది మాలాంటివాళ్లమే కాబట్టి. అను ఫాంట్లలో (డీటీపీలో వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) టైపు చేసింది వెబ్ పేజీలో అలాగే అతికిస్తే అర్థం కాని ఇంగ్లీషు గుర్తులు వస్తాయి. ఆ భయంతోనే అందరం జేపెగ్ చేసి ఇచ్చేస్తాం. దానికి కన్వర్టర్లు ఉన్నాయి, ఫోన్లు, బ్రౌజర్లు అన్నీ చదివే యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. కొత్తగా టైపు చేసేది నేరుగా యూనికోడ్‌లోనే చేస్తే ఆ బాధే లేదు. శీర్షికకి అందమైన అక్షరం కావాలంటే రామభద్ర, మండలి లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి.

పట్టికను అక్షరాలుగానే పెట్టండి. రైతు వేళ్లతో పెద్దది చేసుకుంటే పదునుగా కనిపిస్తుంది, గూగుల్‌లో వెతికితే దొరుకుతుంది. రోజూ నా దగ్గరికి రావాల్సిన పని కూడా తప్పుతుంది. నాకు గిరాకీ తగ్గినా సరే, ఇదే సరైన పద్ధతి.

తప్పనిసరిగా అక్షరాలున్న బొమ్మే పెట్టాల్సి వస్తే, ఉదాహరణకి లోగో, జేపెగ్ వద్దు. అక్షరాల చుట్టూ దోమలు ముసిరినట్టు మరకలు వస్తాయి. ఎస్‌వీజీ (ఎంత పెద్దది చేసినా పదును పోని గీతల ఫార్మాట్) చేయండి, లేదా పీఎన్‌జీ. మగ్గం గారి తమ్ముడి పీఎన్‌జీకి సరైన చోటు అదే.

వినేకన్ను (గుంటూరు) | బుధవారం మధ్యాహ్నం 1.30

నాకు చూపు లేదు. ఫోన్‌లో టాక్‌బ్యాక్ చదివి వినిపిస్తే వింటాను. మా అమ్మాయి పెళ్లికి చీరలు వెతుకుతూ చాలా సైట్లు తిరిగాను. చీర ఫోటో దగ్గరికి రాగానే ‘ఐఎంజీ 2024 0112 అండర్‌స్కోర్ 1833’ అని చదువుతుంది. కొన్నిచోట్ల ‘ఇమేజ్’ అని ఊరుకుంటుంది. ఇరవై చీరలకి ఇరవైసార్లు అదే మాట.

ఫోటో వెనకాల ఆల్ట్ అని ఒక చోటు ఉంటుందట కదా. అందులో నాలుగు మాటలు రాస్తే చాలు. ‘చీర ఫోటో’ అని కాదు. పక్కన కూర్చున్న మనిషి నా చేతికి చీర ఇచ్చి చెబితే ఎలా చెబుతారో అలా రాయండి.

గుంటమగ్గం | బుధవారం రాత్రి 9.05

అమ్మా, మా సైటులో 140 ఫోటోలకి ఆల్ట్ ఖాళీగా ఉంది. ఇప్పుడే కూర్చుని మొదలుపెట్టాను. మొదటిది ఇలా రాశాను, బాగుందో లేదో చెప్పండి:

‘ఆవగింజ పసుపు కాటన్ చీర, ఒళ్లంతా సాదా. జానెడు ముదురు ఎరుపు అంచు, అందులో మూడు సన్నటి ఆకుపచ్చ గీతలు, పైన బంగారు జరీ.’

వినేకన్ను | బుధవారం రాత్రి 9.40

బాగుంది నాయనా. ‘జానెడు’ అన్నావు చూడు, అది నా చేతికి అందింది.

బ్రాడీపేట కోడర్ | బుధవారం రాత్రి 10.15

మిగిలిన పనులు తమ్ముడికి చెప్పండి, గబగబా రాసేస్తున్నాను.

పేజీ కోడ్‌లో ప్రతి ఇమేజ్ ట్యాగులో విడ్త్, హైట్ (వెడల్పు, ఎత్తు) రాయాలి. అవి ఉంటే ఫోటో రాకముందే బ్రౌజర్ చోటు పట్టి ఉంచుతుంది. లేకపోతే ఫోటో వచ్చినప్పుడల్లా పేజీ కిందకి జారి, ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కుతారు. ఒకే ఫోటోకి వేర్వేరు సైజులు రాసే ఎస్‌ఆర్‌సీసెట్‌లో 600, 1200 రెండూ ఇచ్చి, ఫోటో ఎంత వెడల్పులో కనపడుతుందో చెప్పే సైజెస్‌లో ఫోన్ మీద సగం తెర అని చెప్పండి. కిందనున్న చీరలకి లోడింగ్ లేజీ పెట్టండి, అంటే అక్కడిదాకా జరిపినప్పుడే ఫోటో దిగుతుంది. పేజీ తెరవగానే కనపడే పై ఫోటోకి మాత్రం లేజీ పెట్టకండి. తెరవగానే కనపడేవాటిలో అన్నిటికన్నా పెద్దది 2.5 సెకన్లలోపు రావాలని గూగుల్ చెప్పే లెక్క, లేజీ పెడితే ఆ ఫోటోయే ఆలస్యమవుతుంది. చాలా సైట్లలో చూసే తప్పు ఇది.

ఫైలు పేర్లలో ఖాళీలు వద్దు, అన్నీ చిన్నక్షరాలు. మీ విండోస్‌లో పెద్దక్షరం చిన్నక్షరం ఒకటే, లినక్స్ సర్వర్‌లో వేరు వేరు. ఇంట్లో కనిపించిన ఫోటో సైటులో కనిపించదు. చివరిది, ఇది మర్చిపోవద్దు: ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోటోలోపల మీ ఇంటి అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. స్క్వూష్‌లో సేవ్ చేస్తే అవి పోతాయి. వేరే దాంట్లో చేస్తే ఇలా ఫోటోలోపల దాగి ఉండే వివరాలు (మెటాడేటా) తీసేశారో లేదో చూసుకోండి.

కొండపల్లి బొమ్మ | గురువారం ఉదయం 8.30

బొమ్మల కళ్లు పెద్దవి చేసి చూశాను. 11 ఫోటోల్లో ఎర్ర తలపాగా మీది నల్లగీత మసకబారింది. అవి మారుస్తున్నాను. చాలా థాంక్స్.

బొమ్మ చెక్కుతున్నట్టు కదిలే జిఫ్ ఒకటి కూడా ఉంది మా పేజీలో, 18 ఎంబీ. దాన్నేం చేయాలి?

బ్రాడీపేట కోడర్ | గురువారం ఉదయం 8.44

ఎంపీ4 వీడియో చేసి, శబ్దం తీసేసి పెట్టండి. జిఫ్ 1987 నాటిది, ఒక ఫ్రేముకి 256 రంగులే. చాలా కొద్ది ఎంబీలకి దిగుతుంది.

గుంటమగ్గం | ఆదివారం రాత్రి 8.50

140 చీరల్లో 96 మళ్లీ తీశాం. మొదటి పేజీ 24 ఫోటోలూ కలిపి ఇప్పుడు 1.3 ఎంబీ. తెరవగానే కనపడే నాలుగు ముందు వస్తున్నాయి, మిగతావి కిందకి జరిపితే వస్తున్నాయి. బస్సులో తెరిచి చూశాను, వచ్చేసింది.

ఒక్కటి తేలలేదు. చిన్న చిన్న గళ్ల చీరలున్నాయి. 2000 ఫోటోలో గళ్లు గళ్లుగానే ఉన్నాయి. 600కి తగ్గిస్తే చీర మీద నీళ్లలో అలల్లా వంకర గీతలు కనిపిస్తున్నాయి. అలాంటి గీతలు చీరలో లేవు. జేపెగ్, వెబ్‌పీ, ఏవీఫ్ మూడింట్లోనూ అంతే.

కెమెరా కన్ను | ఆదివారం రాత్రి 9.20

అది ఫార్మాట్ తప్పు కాదు. గడి వెడల్పు ఒకటి రెండు పిక్సెళ్లకి తగ్గిపోయినప్పుడు గళ్లు, పిక్సెళ్లు ఒకదానికొకటి తప్పి ఆ అలలు పుడతాయి. మోరే అంటారు. తగ్గించే పద్ధతి లాంక్జోస్ పెట్టి చూడండి, తగ్గించే ముందు కొద్దిగా బ్లర్ ఇవ్వండి. అయినా పోకపోతే చీర మొత్తాన్ని చిన్న ఫోటోలో ఇరికించకండి. అంచు, కొంచెం ఒళ్లు కనపడేలా దగ్గరగా ఒక ముక్క తీసి మొదటి పేజీలో పెట్టండి. గడి పది పిక్సెళ్లున్నా చాలు, నిజమైన గళ్లు కనిపిస్తాయి. చీర మొత్తం లోపలి పేజీలో 1200లో చూపించొచ్చు.

గుంటమగ్గం | ఆదివారం రాత్రి 9.34

సరేనండి. రేపు పొద్దున్నే మేడ మీద ఆ గళ్ల చీరలు తీస్తాను. నాన్న కూడా వస్తానన్నారు, ఏ ముక్క చూపించాలో ఆయనే చెప్తారట.